జాకబ్ ఫోటో వస్తుందని

టీవీ వాళ్ల ఫోన్ వచ్చినప్పుడు సుసన్న హాస్టల్ వంటగదిలో సాంబారుకి ఆనపకాయలు తరుగుతోంది. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ఉన్న ఆ ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో మూడు వందల మంది ఆడపిల్లలకి వండి పెట్టే ఆరుగురిలో ఆమె ఒకతె. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోనెత్తింది.

“జాకబ్ గారి మిసెస్ గారేనా మేడమ్?”

ఆమెను మేడమ్ అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. రాంగ్ నంబరేమో అనుకుంది గానీ జాకబ్ పేరు విన్నాక పెట్టెయ్యబుద్ధి కాలేదు. ఎనిమిది నెలలయింది, బయటివాళ్ల నోట ఆ పేరు విని.

అవతలి మనిషి పేరు కిరణ్ కుమార్. ఒక టీవీ ఛానల్ ఏటా జరిపే సంగీత అవార్డుల పండగకి కోఆర్డినేటర్. ఈ ఏడాదిలో చనిపోయిన సంగీత కళాకారులందరికీ ఆ వేదిక మీద నివాళి ఇస్తున్నారట. కోరస్ పాడేవాళ్ల సంఘం వాళ్లు జాకబ్ పేరు కూడా రాసిచ్చారట. పండగ వచ్చే వారం హాల్లో జరుగుతుందట, ఆ తర్వాతి ఆదివారం మూడింటి నుంచి టీవీలో వేస్తారట. మంచి ఫోటో ఒకటి కావాలి.

“పేరు గూడ ఏస్తరా సార్?” అని అడిగింది సుసన్న.

“వేస్తాం మేడమ్. ఫోటో, కింద పేరు, దాని కింద గాయకుడు అని.”

ఫోన్ పెట్టేశాక ఆమె బియ్యం బస్తా మీద కూలబడింది. పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న లక్ష్మమ్మ కంగారు పడి “ఏమైంది వదినా, ఎవలికేమైంది?” అంది. గాయకుడు. ఆ మాట జాకబ్ పేరు పక్కన పెట్టి ఎవరూ అనగా ఆమె వినలేదు.

జాకబ్ ఇరవై రెండేళ్లు పాడాడు. సినిమా పాటల్లో వెనకనుంచి పది మంది కలిసి ‘హోయ్’ అంటారే, ఆ పదిమందిలో ఒకడు. అది కాక ట్రాక్ పాడేవాడు. పెద్ద గాయకులకు తీరిక దొరికేదాకా పాట ఆగదు కదా, ముందుగా ఎవరో ఒకరి చేత పాడించి పెట్టుకుంటారు. డైరెక్టరుకి వినిపించేది అదే, పెద్ద గాయకుడు వచ్చినప్పుడు చెవుల్లో పెట్టుకుని నేర్చుకునేదీ అదే. ఆయన పాడి వెళ్లాక ఆ మొదటి గొంతును తుడిచేస్తారు. జాకబ్ అట్లా పాడిన పాటలు నూటికి పైనే ఉంటాయి. అవన్నీ ఊరూవాడా మోగాయి, ఆయన గొంతుతో మాత్రం కాదు. ఇంట్లో టీవీలో ఏదైనా పాత పాట వస్తే “అగో, గా హోయ్ నాదే” అనేవాడు. కూతురు స్టెల్లా నవ్వేది. సుసన్నకి మాత్రం ఆ పదిమంది హోయ్‌లో నిజంగానే ఆయనొక్కడే వినపడేవాడు.

ఆయన తండ్రి పెద్దయ్యకి ఇదంతా పనిలాగే కనపడలేదు. కాళ్లావేళ్లా పడి బస్సు డిపోలో కొడుకును పనికి పెట్టిస్తే, ఏడు నెలలు చేసి, పాటలు పాడుకుంటానని మానేసి పోయాడు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య ముక్తసరి మాటలే. “ఏ సినిమాల నీ పేరున్నది, చూపెట్టు” అని పెద్దయ్య అడిగేవాడు. జాకబ్ దగ్గర చూపెట్టడానికి ఏమీ ఉండేది కాదు.

సమాధుల తోటలో జాకబ్ పెట్టె మీద మట్టి వేసే ముందు పాస్టరు గారు రెండు మాటలు చెప్పడం కోసం “మన జాకబ్ అన్న ఏం పని చేసేటోడు?” అని మెల్లగా అడిగాడు. సుసన్న నోరు తెరిచేలోపే పెద్దయ్య అన్నాడు, “ఏం లేదయ్యా. ఏం చెయ్యకపోతుండె.” కోపంతో అన్నాడో, దుఃఖంలో అట్లా వచ్చిందో. పాస్టరు గారు మంచి భర్త, మంచి తండ్రి అని చెప్పి ప్రార్థన ముగించాడు. మామ అన్న మాట సుసన్న గుండెలో దిగబడిపోయింది. ఆ తర్వాత ఆయన దగ్గరికి వెళ్లడం తగ్గించింది.

ఫోన్ వచ్చిన మూడో రోజు సాయంత్రం ఆమె తనంతట తానే మామ దగ్గరికి వెళ్లింది. పెద్దయ్యకి డెబ్బై దాటాయి. ఊరి బయట ఒక ప్లాట్ల వెంచర్‌కి కాపలాదారు. ఒకప్పుడు ఆ భూమిలోనే కూలికి అరక దున్నాడు. ఇప్పుడు అక్కడ తెల్ల సున్నం కొట్టిన రాళ్లు, ఒక పెద్ద కమాను, దాని కింద ఆయన కుర్చీ.

“పై ఆదివారం మూడింటికి ఇంటికి రావాలె మామా.”

“ఏమున్నది?”

“టీవీల నీ కొడుకు వస్తుండు.”

పెద్దయ్య ఆమె ముఖంలోకి చూశాడు. “సచ్చినోడు టీవీల ఎట్లొస్తడే?”

సుసన్న అంతా చెప్పింది. పెద్ద పెద్ద గాయకుల పక్కన ఫోటో వేస్తారని, పేరు వేస్తారని, పేరు కింద గాయకుడు అని వేస్తారని. ముసలాయన వింటూ కమాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఎంతసేపు చూపెడ్తరు?”

“తెల్వది మామా. జరంతసేపే ఉంటదేమో.”

“గంత దానికి నేను డూటీ ఇడ్సిపెట్టి రావాల్నా?”

ఆమె వెళ్లొస్తానని చెప్పి రోడ్డు దాకా వచ్చేసింది. వెనకనుంచి పిలుపు వినపడింది.

“ఓ బిడ్డా! ఏ ఛానలు?”

ఫోటో కోసం ఆ వారమంతా తిరిగారు. జాకబ్‌కి తన ఫోటోల మీద ధ్యాస ఉండేది కాదు. తోటి కోరస్ పాడేవాడు స్టూడియోలో తీసినది ఒకటుంది. నీలం చొక్కా, చెవులకి హెడ్‌ఫోన్స్, కళ్లు మూసుకుని ఉన్నాడు. అది మసకగా ఉందన్నాడు కిరణ్ కుమార్. డిపో పక్క ఫోటో స్టూడియోకి స్టెల్లా రెండుసార్లు వెళ్లి దాన్ని బాగు చేయించి పంపింది. “సూపర్ ఉంది మేడమ్” అని జవాబు వచ్చింది. ఆ మాటను సుసన్న హాస్టల్లో అందరికీ చూపించింది.

ప్రోగ్రాం ఉన్న ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె ఇల్లు సర్దింది. డిష్ రీఛార్జి అయిపోతుందేమోనని ముందే చేయించింది. చికెన్ వండింది. పెద్దయ్య మూడింటికని చెప్తే రెండింటికే వచ్చాడు. క్రిస్మస్‌కి తొడిగే తెల్లచొక్కా తొడుక్కున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. కుర్చీలో కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఇంకా ఏమీ మొదలుకాని టీవీని చూస్తూ ఉండిపోయాడు. పక్కింటి కమలమ్మ కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంది.

మూడింటికి మొదలైంది. నీలం, ఊదా లైట్లు. వేదిక మీదికి పొగ. కింద నుంచి లేచిన ఒక గుండ్రటి మెట్టు మీద యాంకర్లు ఇద్దరు, ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. వాళ్ల జోకులకి వాళ్లే నవ్వారు. జనం నవ్వినట్టు శబ్దం వచ్చింది గానీ కెమెరా తిరిగినప్పుడు కనపడ్డ ముఖాలు మాత్రం ఫోన్లు చూసుకుంటున్నాయి. ఒక హీరోయిన్ తాడు పట్టుకుని పైనుంచి దిగింది. ఆమె డాన్సు నాలుగు నిమిషాలు. తర్వాత ఉత్తమ గీత రచయితకి అవార్డు ఇచ్చారు. తెల్లజుట్టు పెద్దాయన మైకు దగ్గరికి వచ్చి గొంతు సవరించుకునే లోపలే సంగీతం మోగి యాడ్లు పడ్డాయి.

“పాపం, ఆయన ఏమో చెప్పబోయె” అంది సుసన్న.

యాడ్లలో సబ్బులు, నగలు, ఆ తర్వాత ప్లాట్లు. పచ్చటి చెట్ల మధ్య పిల్లలు ఊయల ఊగుతుంటే పెద్దయ్య కొంచెం ముందుకు వంగాడు.

“మా వెంచర్‌కు గూడ గిట్లనే బొమ్మలు తీసిన్రు. అండ్ల బోరుకు సుక్క నీళ్లు లెవ్వు.”

స్టెల్లా ఫోన్లో టైం చూసి లెక్క చెప్పింది. ప్రోగ్రాం ఎనిమిది నిమిషాలు, యాడ్లు పదకొండు. తెర అడుగున మాత్రం అక్షరాలు పరుగెడుతూనే ఉన్నాయి, ‘త్వరలో కన్నీటి నివాళి’ అని. ప్రతి యాడ్ల విరామానికి ముందు వేలాది దీపాలు, తెల్లచీరలో ఒక గాయని, ఆమె చెంప మీద నీటి చుక్క కనపడేవి. ఇప్పుడొస్తుందని సుసన్న చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చునేది. యాడ్లు అయ్యాక ఒక కమెడియన్ వచ్చి ఆడవేషంలో నడిచి చూపించేవాడు. అట్లా ఒకసారి కాదు, నాలుగుసార్లు.

“ఇంకెప్పుడొస్తడే మీ ఆయన?” అంది కమలమ్మ, అయిదింటికి లేస్తూ. “నల్లా వచ్చే యాళ్లయింది. వస్తే పిలువు, ఉరుక్కుంట వస్త.”

పెద్దయ్య ఒక్కసారి కూడా లేవలేదు. చాయ్ ఇస్తే తెర మీదనుంచి చూపు తిప్పకుండానే తాగాడు. ప్రతి అవార్డుకీ అడుగుతున్నాడు, “గీన ఎవలు? గీన గూడ పాడ్తడా?” వీణ వాయించేవాళ్లకి, శబ్దాలు కలిపేవాళ్లకి ఇచ్చిన అవార్డులు ఒకదాని వెనక ఒకటి మూడు నిమిషాల్లో చూపించి ముగించారు. పేర్లు కూడా సరిగా చదవలేదు.

ఆరు కావస్తుండగా ఉత్తమ గాయకుడి అవార్డు వచ్చింది. నలుగురి పేర్లు చదివి, చాలాసేపు డప్పుల మోత వినిపించి, పెద్ద గాయకుడి పేరు చెప్పారు. ఆ పాట ఏదో వినగానే స్టెల్లా తల్లి వైపు చూసింది. సుసన్న గోడకి ఆనుకుని కూర్చున్నదల్లా ముందుకు జరిగింది.

ఊరు విడిచి వెళ్లిపోయిన మనిషిని చెలక గట్టు మీద నిలబడి పిలిచే పాట అది. ఈ ఏడంతా ఆటోల్లో, పెళ్లిళ్లలో అదే మోగింది. అవార్డు తీసుకునే ముందు గాయకుడు ఆ పాట పాడాడు. రెండో చరణంలో ‘మళ్లి చూడవా’ అనే చోట గొంతు ఊపిరందనట్టు ఒక్క క్షణం విరిగింది. విరిగి, మళ్లీ పట్టుకుంది. హాలంతా చప్పట్లు.

“మామా, గది ఇన్నవా?” అంది సుసన్న. “గా ఊపిరి ఇరిగింది సూడు. గది జాకబ్‌ది.”

“గాయన పాడుతుంటే జాకబ్‌ది అంటవేంది?”

“ముందుగాల డాడీ పాడిండు తాతా” అంది స్టెల్లా. “గది ఇనుకుంట గాయన నేర్సుకున్నడు. ట్రాక్ అంటరు.”

పెద్దయ్యకి అర్థమైందో లేదో తెలియలేదు. తెర మీద యాంకర్ గుండె మీద చెయ్యి పెట్టుకుని అడుగుతోంది.

“సార్, ఆ లైన్ చివర ఊపిరి తెగినట్టు ఒక బ్రేక్ ఇచ్చారు. థియేటర్లో మేమందరం ఏడ్చేశాం. అది ఎలా వచ్చింది సార్?”

“ప్లాన్ చేసింది కాదండీ” అన్నాడు గాయకుడు నవ్వుతూ. “మైకు ముందు నిలబడగానే లోపలినుంచి అలా వచ్చేసింది. అంతా ఆ పైవాడి దయ.”

అది ఎలా వచ్చిందో సుసన్నకి తెలుసు. ఆ ఏడు జనవరిలో జాకబ్ గుండె అప్పటికే సగం పని మానేసింది. సర్కారు దవాఖానలో మెట్లెక్కవద్దని చెప్పారు. ఈ పాటకి ట్రాక్ పాడిన స్టూడియో రెండో అంతస్తులో ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చి మంచం మీద వాలి, నవ్వుతూ చెప్పాడు. “మెట్లెక్కేసరికి దమ్ము అయిపోయింది సుసన్నా. చూడవా అనే కాడ ఊపిరే అందలె. ఇంకోపారి పాడ్త సార్ అంటే మ్యూజిక్ డైరెక్టర్ వద్దన్నడు. గిదే మస్తుంది, గిట్లనే ఉండనియ్యి అన్నడు.” అని మంచం మీదనే ఆ చరణం మళ్లీ పాడి వినిపించాడు. మళ్లీ అక్కడే ఊపిరి తెగింది. తల్లీ కూతురూ నవ్వలేదు. ఇంట్లో మనిషి ఇంట్లో పాడుతుంటే రికార్డు చేసుకోవాలని ఎవరికి తోస్తుంది? మార్చిలో ఆయన పోయాడు. మేలో బస్సులో ఎవరి ఫోన్లోనో ఆ పాట మొదటిసారి విన్నప్పుడు, ఆ విరుపు దగ్గర సుసన్న సీటు కమ్మీని గట్టిగా పట్టుకుంది.

పెద్ద గాయకుడు చెడ్డవాడని ఆమె అనుకోలేదు. చెవుల్లో వినపడ్డ గొంతు ఎవరిదో ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. ఎవరిదని అడగాలని ఆయనకి తోచి ఉండదు, అంతే. ఆయన తల్లికి, గురువుకి, భార్యకి, అభిమానులకి, రాత్రనక పగలనక కారు నడిపే డ్రైవరుకి కూడా పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పాడు. ఒక్కో పేరు వినపడినప్పుడల్లా సుసన్న తనకి తెలియకుండానే చెవి రిక్కించింది. ఆయన అవార్డుని ముద్దు పెట్టుకుని మెట్లు దిగాడు.

“మరి ముందుగాల పాడింది మనోడని ఆయన చెప్పకపాయె?” అన్నాడు పెద్దయ్య.

“చెప్పరు తాతా.”

“ఎందుకు చెప్పరు?”

స్టెల్లా ఫోన్ తీసి, ఛానల్ వాళ్లు పెట్టిన ఆ పాట వీడియో కింద గబగబా టైపు చేసింది, ఈ పాట ట్రాక్ పాడింది మా డాడీ, ఆ బ్రేక్ ఆయనది అని. నిమిషంలో నలుగురు జవాబిచ్చారు. ముగ్గురు నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నాలుగో మనిషి ‘ప్రూఫ్ ఉందా సిస్టర్?’ అని రాశాడు. స్టెల్లా తను రాసింది తీసేసింది.

ఆరూ నలభైకి దీపాలు వచ్చాయి. ఈసారి నిజంగానే.

“కమలమ్మక్కా!” అని సుసన్న గడప దగ్గరికి వెళ్లి కేకేసింది. కమలమ్మ బిందె పక్కన పెట్టి పరుగున వచ్చింది. స్టెల్లా టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, రికార్డు చేయడానికి ఫోన్ పైకెత్తింది. పెద్దయ్య కుర్చీ అంచుకి జరిగాడు.

వేదిక వెనక గోడంత తెర. మొదట ఒక పెద్ద గాయని ఫోటో పడింది. టీవీ నిండా ఆమె ముఖమే. పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది. తర్వాత ఒక సంగీత దర్శకుడు, ఆయన్నీ అట్లాగే చూపించారు. తెల్లచీర గాయని పాట ఎత్తుకుంది. అప్పటినుంచి కెమెరా ఆమె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆమె కళ్లు. ఆమె వేళ్లు. ఆమె పాదాల దగ్గర దీపాలు. ఆమె భుజం వెనక, చాలా దూరంగా, గోడంత తెర మీద చిన్న చిన్న గళ్లలో ముఖాలు వరసలుగా పైకి పాకుతున్నాయి. తపాలా బిళ్లలంత. మసక మసకగా. వాటి కింద ఉన్నవి అక్షరాలో గీతలో తెలియడం లేదు.

“అమ్మా, గదేనా? నీలం అంగి?”

“ఏదే? యాడ?”

“గామె తలకాయ ఎన్క! అయ్యో, పోయింది.”

కెమెరా హాలులోకి తిరిగింది. ముందు వరసలో ఒక హీరో చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. పక్కన హీరోయిన్ కళ్ల కొసలు రుమాలుతో అద్దుకుంటోంది. వాళ్లను తీరిగ్గా చూపించి మళ్లీ గాయని దగ్గరికి వచ్చింది. తెల్లబట్టల డాన్సర్లు దీపాలు పట్టుకుని తెరకి అడ్డంగా వరస కట్టారు. పొగ లేచింది.

పెద్దయ్య లేచాడు. లేచి టీవీ దగ్గరికి వెళ్లి, ముఖం తెరకి జానెడు దూరంలో పెట్టి, గాయని తల మీద అరచెయ్యి ఆనించాడు. పక్కకి నెట్టబోతున్నట్టు.

“గామెను జర పక్కకు జరుగుమనున్రి” అన్నాడు. ఎవరితో అన్నాడో. “జర జరుగమ్మా.”

ఎవరూ నవ్వలేదు. పాట ఆఖరి మాట దగ్గర గాయని చెంప మీద నీటి చుక్క జారింది, దాన్ని టీవీ నిండా చూపించారు. తెర నల్లబడింది. సబ్బు యాడ్ వచ్చింది.

“అయిపోయిందా?” అన్నాడు పెద్దయ్య, చెయ్యి ఇంకా టీవీ మీదనే ఉంచి.

“మళ్ల చూపెడ్తరేమో” అంది కమలమ్మ. యాడ్లు అయ్యేదాకా అందరూ అట్లాగే ఉన్నారు. యాంకర్లు వచ్చారు. “ఆ మహనీయులందరికీ మరొక్కసారి మన నివాళి. ఇప్పుడు కొంచెం మూడ్ మారుద్దామా?” అన్నాడు మగ యాంకర్. జనం చేత అవుననిపించారు. మోటారు సైకిళ్ల మీద డాన్సర్లు వచ్చారు. కమలమ్మ సుసన్న భుజం మీద చెయ్యి వేసి, బిందె నిండిపోతుందని వెళ్లిపోయింది.

స్టెల్లా తీసిన వీడియోని ఆపి ఆపి చూశారు. వేళ్లతో పెద్దది చేసి చూశారు. ఎంత పెద్దది చేస్తే అంత మసక. ఒకచోట నీలంగా ఏదో ఉంది. అది జాకబ్ చొక్కా కావచ్చు, వెనక లైటు కావచ్చు.

కిరణ్ కుమార్ మూడోసారికి ఫోనెత్తాడు.

“పడింది కదా మేడమ్! నేనే దగ్గరుండి వేయించాను. మొత్తం పంతొమ్మిది మంది. సార్‌ది మూడో వరసలో ఎడమనుంచి నాలుగోది.”

“మాకు కనపడలే సార్.”

“హాల్లో అందరికీ బ్రహ్మాండంగా కనపడింది మేడమ్. టీవీకి వచ్చేసరికి ఎడిటింగ్ వేరే టీం చేస్తారు. మా చేతుల్లో ఉండదు.”

“గా తెర మీది బొమ్మ ఒక్కటి, మా ఆయన పేరున్నది, ఫోన్లకు పంపుతరా సార్?”

“అది ఆ రోజు హాల్లో తెర పెట్టిన కంపెనీ వాళ్లు చేసి తీసుకెళ్లిపోయారు మేడమ్. మా దగ్గర ఉండదు. నెట్‌లో ప్రోగ్రాం పెడతారు గానీ... పాటల హక్కుల గొడవ ఉంది కదా, నివాళి ముక్క తీసేసి పెడతారు. ఏమనుకోకండి.”

“మంచిది సార్. ఫోన్ చేసిన్రు గద, మీకు థాంక్స్.”

ఫోన్ పెట్టగానే స్టెల్లా విరుచుకు పడింది. “థాంక్స్ ఎందుకు చెప్పినవ్ అమ్మా? ఏం చేసిన్రని చెప్పినవ్?”

“ఇన్ని నెలలల్ల గాయన ఒక్కడే గదనే, మనకు ఫోన్ చేసింది.”

స్టెల్లా లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. ఏడుస్తోందని సుసన్నకి తెలుసు. తలుపు కొట్టలేదు. తనకి ఏడుపు రాలేదు. నాలుగు గంటలు ఒకే వైపు చూసినందుకు మెడ పట్టేసింది, అంతే.

వండిన చికెన్ పెద్దయ్య ముట్టలేదు. చీకటి పడుతోంది, కాపలాకి టైమయింది అన్నాడు. డబ్బాలో కట్టిస్తే తీసుకున్నాడు. ఆటో ఎక్కించి వద్దామని సుసన్న వెంట నడిచింది. గల్లీలో రెండు మూడు ఇళ్లలో ఇంకా అదే ప్రోగ్రాం నడుస్తోంది. కిటికీల్లోంచి చప్పట్లు వినపడుతున్నాయి. తడబడుతున్న ముసలాయనని ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఆయన విడిపించుకోలేదు.

సాగర్ రోడ్డు మీద బస్సులు డిపోకి తిరిగి వస్తున్నాయి. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడ్డారు. మొదటి ఆటో నిండుగా ఉంది, ఆగలేదు.

“బిడ్డా” అన్నాడు పెద్దయ్య.

“చెప్పు మామా.”

“గీ ప్రోగ్రాము ఏటేట పెడ్తరా?”

“పెడ్తరంట.”

ఆయన తెల్లచొక్కా జేబు సర్దుకున్నాడు.

“అయితే వచ్చే ఏడు గా కిరణ్ కుమార్ సారుకు ముందుగాలనే ఫోన్ కొట్టు. జర పెద్దగ చూపెట్టమను. నేను పొద్దుగాలనే వస్త. అవసరమైతే నేను గూడ మాట్లాడ్త సారుతోని.”

ఇరవై రెండేళ్లలో కొడుకు పాట గురించి ఆయన అడిగిన మొదటి సాయం అది. సుసన్న సరే అంటే సరిపోయేది. కానీ ఆయన గడ్డం గీయించుకుని, రెండింటికే వచ్చి, మళ్లీ ఏడాది పాటు ఆ కమాను కింద కూర్చుని ఎదురుచూస్తాడని తోచింది. అందుకే చెప్పేసింది.

“వచ్చే ఏడు మనోనిది పెట్టరు మామా. ఆ ఏట్ల పోయినోళ్లయి పెడ్తరు. జాకబ్‌ది ఈ ఏడే.”

ఆ మాట పెద్దయ్యకి అందడానికి కొంచెం సేపు పట్టింది. చేతిలో డబ్బాని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

ఖాళీ ఆటో వచ్చి ఆగింది. ఆయన ఎక్కి కూర్చున్నాడు. “యాడికి తాతా?” అని డ్రైవరు అడిగితే, వినపడనట్టు ముందుకు చూస్తూ ఉండిపోయాడు. వెంచర్ పేరు సుసన్నే చెప్పింది. ఆటో కదిలి బస్సుల మధ్యలో కలిసిపోయింది.

పొద్దున నాలుగింటికల్లా హాస్టల్లో ఇడ్లీలు పెట్టాలి. ఆమె ఇంటివైపు తిరిగింది.